గదంత బొంతకు కచ్చా కుట్టు

మోకాళ్లు మొరాయించాక బొంతలు కుట్టడం మానేశాను. కింద కూర్చుంటే లేవడానికి గోడో కోడలో కావాలిప్పుడు. మా వీధి చివర కుట్టు నేర్పే సెంటర్ నడిపే అమ్మాయి మొన్న వచ్చి, "పిన్నీ, మా పిల్లలకి బొంత పని గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టు" అంది. ఏ సూది, ఏ దారం, ఎంత దూరానికో కుట్టు, ఇవన్నీ ఆ పిల్లలకు ఫోన్లోనే దొరుకుతాయి. ఫోన్లో బొంతలు కుట్టేవాళ్ల ఇళ్లు చూశారా? ఒక్కో హాలు మా వీధంత. మధ్యలో బల్ల, బల్ల చుట్టూ నడవడానికి దారి. గాజువాకలో అద్దె పోర్షన్లో ఉండేవాళ్లకు అవి చూడ్డానికి బాగుంటాయి, చెయ్యడానికి పనికిరావు. అందుకని నేను జాగా గురించి రాస్తాను. ముప్పై ఏళ్లకు పైగా నేను కుస్తీ పట్టింది సూదితో కాదు, జాగాతోనే.

తీసిపారేసే కుట్టు

బొంతకు మూడు పొరలు. అడుగున ఒక గుడ్డ, మధ్యలో పాత నేత చీరలో దూదో, పైన ఇంకో గుడ్డ. అసలు కుట్టు వేసేటప్పుడు ఈ మూడూ జరిగిపోకుండా ముందుగా బారుగా, వదులుగా జానెడు దూరానికో వరస కుట్లు వేస్తాం. దాన్నే కచ్చా కుట్టు అంటాం. పని పూర్తయ్యాక లాగిపారేస్తాం. ఎలాగూ తీసిపారేసేదేగా అని కొత్తవాళ్లు దీని దగ్గరే తొందరపడతారు. అసలు కుట్టు ఎంత ముచ్చటగా వేసినా సరే, కచ్చా కుట్టు దగ్గర అడుగు గుడ్డ ముడత పడిందా, ఆ ముడత బొంత చిరిగిపోయేదాకా ఉంటుంది. పైకి కనిపించదు. పడుకున్నవాళ్ల వీపుకు తెలుస్తుంది.

కుట్టు ఎప్పుడూ నడిమధ్యన మొదలవ్వాలి. అరచేత్తో బయటికి నిమురుతూ అంచులవైపు వెళ్లాలి. అంచుల నుంచి మధ్యకు వచ్చారా, మిగిలిన గుడ్డంతా మధ్యలో పోగుపడి ఒంటె మూపురంలా లేస్తుంది. అంటే గుడ్డ మొత్తం ఒక్కసారిగా పరవాలి. డబుల్ కాట్ బొంతైతే మా ముందు గదిలో పరిచాక మనిషి నిలబడ్డానికి గుమ్మం ఒక్కటే మిగిలేది.

దానికి నేనూ మా ఆయనా కలిసి ఒక ఉపాయం చేశాం. అడుగు గుడ్డ ఒక వెదురు గడకు చుట్టి, పై గుడ్డ ఇంకో గడకు చుట్టి, మంచం మీద రెండు మూరలు విప్పడం, మధ్యలో చీరలు పరవడం, కుట్టడం, కుట్టిన మేర ఇటువైపు చుట్టుకోవడం. గడ రెండో చివర ఆయన పట్టుకునేవారు. హార్బర్లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి. గడ పట్టుకుని నిలబడే కునుకు తీసేవారు. గుడ్డ వదులైనప్పుడల్లా "ఏవండీ" అంటే చాలు, కళ్లు తెరవకుండానే బిగించేవారు. అలా మా ఇంట్లో చాలా బొంతలు పూర్తయ్యాయి.

సత్యం గారి అరికాళ్లు

నాకు పని నేర్పింది పరుపుల షాపు సత్యం గారు. మాలాగే గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. నోరు మంచిది కాదు. కుట్టు పూర్తయిన బొంతను నేల మీద పరిపించి, చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని దాని మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవారు. ఎక్కడో ఆగి కాలి బొటనవేలితో నొక్కి, "ఇక్కడ విప్పు" అనేవారు. విప్పితే అక్కడ ముడత ఉండేది. "మీరు కళ్లతో కుడతారు, జనం వీపుతో పడుకుంటారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి" అని తిట్టేవారు. ఆ తిట్టు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. మీరు కుట్టిన బొంత మీద మీరే ఒకసారి ఒట్టి కాళ్లతో నడవండి. నామోషీ ఏమీ లేదు.

అయితే ఆయనకు చెయ్యి ఎంత మంచిదో చెవి అంత చెడ్డది. ఒకసారి తెల్లటి పెద్ద బొంతలు వచ్చాయి. షాపులో పరవడానికి జాగా లేదు. మేడ మీదికి పొమ్మన్నారు. "అయ్యా, మేడ మీద నల్ల నుసి పడుతుందండీ" అన్నాను. చుట్టూ ఫ్యాక్టరీలున్న ఈ ఊళ్లో పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రం చెయ్యి రాస్తే వేలికి కాటుక అంటుతుందని ఎవరికి తెలీదు? "దులిపితే పోతుంది, కబుర్లాపి కుట్టు" అన్నారు. పైన పడ్డ నుసి దులిపితే పోయింది. పొరల మధ్య పడ్డది ఎలా పోతుంది? మొదటి ఉతుకులోనే బొంతల నిండా బూడిదరంగు నీడలు తేలాయి. సత్యం గారు చాకలిని తిట్టారు, సబ్బును తిట్టారు, నీళ్లను తిట్టారు. ఆ తర్వాత ఒక్క తెల్ల గుడ్డను కూడా మేడ ఎక్కించలేదు. యజమాని నోటితో తప్పు ఒప్పుకుంటాడని కూర్చోకండి. అదే తప్పు మళ్లీ చెయ్యకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

చాపతో సహా

జాగా లేదని మేం తర్వాత పట్టిన దారి కల్యాణమండపం. ముహూర్తాలు లేని రోజుల్లో వాచ్‌మన్ తలుపు తీసేవాడు. నాతో పనిచేసే నూకాలు ఇక్కడి మనిషే, అచ్యుతాపురం వైపు పల్లె. చెయ్యి జోరు, నోరు అంతకన్నా జోరు. ఆ రోజు కింద పెద్ద ప్లాస్టిక్ చాప వేసి ఉంటే, శుభ్రంగా ఉందని దాని మీదే పరిచాం. కబుర్లాడుకుంటూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కుట్టాం. మడతపెడదామని చెరో కొస పట్టుకుని లేపాం. బొంత బరువుగా ఉంది.

"ఓలమ్మో! సాప కూడా వచ్చేత్తందే!" అంది నూకాలు.

బొంతనూ చాపనూ కలిపి కుట్టేశాం. నూకాలు ముందు ఏడ్చింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కుట్లన్నీ విప్పుకుని, రెండో రోజు మళ్లీ కుట్టాం. ఆనాటి నుంచి నా సంచిలో ఒక పాత స్టీలు కంచం ఉండేది. కుట్టే చోట గుడ్డ కింద దాన్ని తోసుకుంటూ పోతాను. సూది కంచానికి తగిలి టిక్కుమంటే మూడు పొరలూ దాటిందన్నమాట. చప్పుడు రాలేదంటే ఆగి చూసుకోవాలి. నేల మీద కుట్టేవాళ్లకు ఇంతకు మించిన పనిముట్టు లేదు.

గౌరి గది

ఇక అసలు సంగతి. నేను కుట్టిన బొంతల్లో అన్నిటికన్నా పెద్దది అన్నిటికన్నా చిన్న ఇంట్లో కుట్టాను.

గౌరి మా వెనక వీధిలో ఉండేది. పరవాడ దగ్గర ఫార్మా కంపెనీలో ప్యాకింగ్ పని. మొగుడు రమణ కాంట్రాక్టు లేబరు, షిఫ్టులు. ఇద్దరు పిల్లలు, అత్త సన్యాసమ్మ. అందరికీ కలిపి మేడ మీద ఒకటే గది. వెనక గోడకు వంటగట్టు, మిగిలినదాంట్లో సగం మంచమే. పిల్లల్నీ గౌరినీ ఆ గదిలో ఎలాగో సర్దినా, సన్యాసమ్మ పక్క మాత్రం బయట అందరూ నడిచే వసారాలో. వాన జల్లు కొడితే కాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఆ ఏడు దగ్గు పట్టుకుంది.

గౌరి ఒకరోజు వచ్చి, "పిన్నీ, గోడకాడ్నుంచి గోడ దాకా ఒకటే బొంత కావాల. మజ్జిలో నేల అగుపడకూడదు" అంది.

"అంత బొంత ఎందుకే?"

"మంచం అమ్మేత్తన్నాను. అత్త ఎల్లిపోతానంతంది. పెందుర్తిలో సిన్నకొడుకు కాడకి. ఆదోరం ఆటో తెత్తాడట."

"ఆ ఇంట్లో రెండు గదులున్నాయన్నావుగా. ఆవిడకు సుఖమేగా?"

"గదులున్నాయి పిన్నీ. మాటాడే మడిసి నేదు. ఆ కొడుకూ కోడలూ పొద్దున ఎల్తే సీకటి పడ్డాకే వత్తారు. ఈవిడ నాలుగు రోజులు మాటాడకపోతే సచ్చిపోద్ది. ఒకపాలి ఎల్లిపోతే మరి రాదు. నాకు తెల్సు."

గౌరికి తల్లి లేదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి తలంటి పోసినా, తిట్టి అన్నం పెట్టినా సన్యాసమ్మే.

కొలతలకు వెళ్లినప్పుడు ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి, "ఏటమ్మా, బొంతేత్తే గది పెద్దదయిపోద్దేటి?" అంది. నిజమే కదా. తన వల్ల పిల్లలకు ఇరుకవుతోందని ఆవిడ బాధ. ఆ మాట కోడలితో అనలేక, చిన్నకొడుకు రమ్మంటున్నాడని వంక పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే మంచం వెళ్లిపోయింది. పిల్లలు పక్కింట్లో టీవీ దగ్గర చేరారు. రమణ డ్యూటీకి పోయాడు. ముసలమ్మ మంచం కదలకముందే వీధిలో అందరికీ చెప్పి వస్తానని వెళ్లింది. ఆవిడ బట్టల సంచి కట్టి సజ్జ మీద పెట్టి ఉంది.

గదంత బొంతకు వెదురు గడలు పనికిరావు. గది వెడల్పంత గడ ఆ మెట్ల మలుపులో తిరగదు. మా ఇల్లు చాలదు. అందుకని ఆ గదిలోనే పరవాలి. అయితే బరువులు పెట్టడానికి చుట్టూ ఖాళీ నేల లేదు. అడుగు గుడ్డ అంచుల్ని గోడల మొదట్లో టేపుతో అంటించాం. గుమ్మం వైపు అంచు దగ్గరికి వచ్చేసరికి గాలికి గుడ్డ ఎగిరింది.

"వసారాలోంచి గాలొత్తంది పిన్నీ, తలుపేసేత్తాను" అని గౌరి తలుపు మూసి, గడియ పెట్టకుండా, గుడ్డను తలుపు మొదలు దాకా లాగి అంటించింది. తర్వాత పాత చీరలు పరిచాం, పైన కొత్త గుడ్డ.

కొత్తవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గదంతా గుడ్డే అయినప్పుడు కూర్చునేది కూడా దాని మీదే. కుట్టని మేర మీద కూర్చుంటే పొరలు జరుగుతాయి. నడిమధ్యన ముందు ఒక పీటంత మేర కుట్టుకుని దాని మీద చేరాలి. అక్కడి నుంచి కుడుతూ, కుట్టిన మేర మీదికే జరుగుతూ అంచులకు పోవాలి. మేమిద్దరం వీపుకు వీపు పెట్టి కూర్చుని ఆమె కిటికీ వైపు, నేను వంటగట్టు వైపు మొదలుపెట్టాం. నాలుగు వరసలు అయ్యాయో లేదో, తలుపు చప్పుడైంది.

"ఒలే గౌరీ, తలుపు తియ్యే. సిన్నోడు ఆటో తెచ్చీసినాడు."

నేను గడియకేసి చూశాను, వేసి లేదు. అప్పుడు వెలిగింది నాకు. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. తీస్తే అంచు టేపంతా ఊడి, మూడు పొరలూ కుప్పగా మా మీదికి వస్తాయి. పొద్దుటి పనంతా గంగపాలు.

"అత్తా, తలుపు రాదు. గుడ్డంతా పరిసీసినాం. తీత్తే పిన్ని సేసిందంతా పాడయిపోద్ది" అంది గౌరి, సూది ఆపకుండా.

"మరి నా సంచో?"

"సజ్జ మీదుంది. అయిపోనాక ఇత్తాను."

చెప్పుల చప్పుడు వసారాలోంచి కిటికీ వైపు వచ్చింది. ముసలమ్మ ఊసలు పట్టుకుని లోపలికి చూసింది.

"మంచం ఏటయిపోనాది?"

"అమ్మీసినాను."

"నీ మొగుడు నైట్ డూటీ సేసొచ్చి ఎక్కడ తొంగుంటాడే?"

"మనందరం ఎక్కడో ఆడూ అక్కడే."

కిందినుంచి ఆటో హారన్ వినిపిస్తోంది. చిన్నకొడుకు అప్పలరాజు పైకొచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, "వదినా, ఏటిది? ఆటోవోడు అరుత్తన్నాడు" అన్నాడు. గౌరి తలెత్తకుండా కుడుతూనే ఉంది. ఆ ఇంటి తగవులో నేనెందుకు ఇరుక్కున్నానా అనిపించింది. లేచిపోదామంటే దారి కూడా లేదు.

అంతలో కిటికీ దగ్గర్నుంచి, "ఏటమ్మా బొంతలమ్మా, నీ ఎడం సేతికాడ గుడ్డ లేసింది సూడు" అంది ముసలమ్మ. చేత్తో నిమిరి చూశాను. నిజంగానే సన్నటి ముడత. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడితే బయటివాళ్లకు కనిపిస్తుంది, మీద కూర్చున్నవాళ్లకు కనిపించదు. కుట్టు విప్పి సరిచేశాను.

"అమ్మా, వత్తావా రావా?" అన్నాడు అప్పలరాజు.

"ఎలాగొత్తానురా? సంచి లోపలుండిపోనాది కదా."

"సంచి నేకపోతే ఏటయిపోద్ది? మా ఇంట్లో సీరల్నేవేటి?"

"నా సీరలు నాకుండాల. తలుపు తీత్తే ఆళ్ల పనంతా పాడవుద్దట. ఒకరి కట్టం పాడు సేసి నానొచ్చీనా? నువ్వెల్లు. మల్లీ ఆదోరం సూద్దాం."

అతను తల్లిని ఒకసారి చూసి, "సరే, నీ ఇట్టం" అని దిగిపోయాడు. చెడ్డవాడు కాదు పాపం. వెళ్తూ తల్లి దగ్గుకు తెచ్చిన మందు సీసా ఊసల్లోంచి కిటికీ గట్టు మీద పెట్టి మరీ వెళ్లాడు.

ఆ తర్వాత ముసలమ్మ కిటికీ వదల్లేదు. "అక్కడ లాగు. కాదే, ఇటు. గౌరీ, నీ కుట్లు వంకరెల్తన్నాయి." మా ఇద్దరికీ ముచ్చెమటలు పట్టించింది. సత్యం గారి తర్వాత నా పనిని అంత పట్టుబట్టి చూసింది ఆవిడే.

పొద్దు వాలే వేళకు అంచుల దాకా వచ్చాం. ఇప్పుడు బొంత ఒక్క ముక్క. టేపు ఊడదీసి, గుమ్మం వైపు కొస మడిచి తలుపు తీశాను. ముసలమ్మ చెప్పులు బయట విడిచి, కాళ్లు కొంగుతో తుడుచుకుని లోపలికి వచ్చింది. సంచి కోసం సజ్జ వైపు చూడనైనా చూడలేదు. గోడవారకు పోయి మెల్లగా ఒరిగి పడుకుంది. అటూ ఇటూ ఒత్తిగిల్లి చూసుకుంది.

"నడిమి నాకొద్దు. సిన్నగుంటడు కాళ్లతో తంతాడు. ఈ గోడవార నాను. నా పక్కని పెద్దది, ఆనక ఆడు, ఆనక నువ్వు. రమణ గుమ్మం కాడ. డూటీకి ఎల్లేటప్పుడు ఎవుల్నీ తొక్కకండా ఎల్తాడు" అంది.

పడుకున్నచోటి నుంచే ఆవిడ అలా అందరికీ చోట్లు పంచేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సూదులు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

అసలు కుట్టు కోసం ఇంకొన్నాళ్లు ఆ ఇంటికి తిరిగాను. మళ్లీ ఆదివారం వచ్చింది, పోయింది. పెందుర్తి ఊసు ఎవరూ ఎత్తలేదు. చివరి రోజు కచ్చా కుట్లు లాగిపారేసి బయటికొస్తుంటే గౌరి కుళాయి దగ్గర బిందె కడుగుతోంది.

"ఇంకెప్పుడైనా గది మూసి పని పెట్టుకునే ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోవే తల్లీ" అన్నాను.

గౌరి బిందె దించి నవ్వింది. "మూడేళ్లయి ఆ గదిలో ఉంటన్నాను పిన్నీ. తలుపెటు తెరుసుకుంటాదో నాకు తెల్దేటి?"

నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. "ఓసి నీ అసాధ్యం కూలా! నా పని పణంగా పెట్టావుటే? ఆవిడ గట్టిగా ఒక్క తోపు తోసుంటే ఏమయ్యేది? గుడ్డేగా అడ్డం, తెరుచుకునేది కాదూ?"

"తెరుసుకునీదే" అంది గౌరి, బిందె చంకనెత్తుకుంటూ. "ఆవిడికీ తెల్సు. ఆవిడా మూడేళ్లయి తీత్తంది ఆ తలుపు. తొయ్యనేదు కదా పిన్నీ."